నస్కల్ పన్ను: రాక్షసబల్లుల కాలపు ఒక చిరుజంతువు కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులు జీవశాస్త్ర తరగతిలో రాక్షసబల్లుల పాఠం వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వేయుట కద్దు. ఇన్ని కొండలు, ఇన్ని బండలు ఉన్న మన సీమలో ఆ జంతువుల ఎముక ఒక్కటైనా ఎందుకు దొరకలేదు? ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పి, ఆ మీదట మన తెలుగు నేలలోనే దొరికిన ఒక అతి చిన్న జంతువును పరిచయం చేయవలెనని ఈ వ్యాసాన్ని తలపెట్టినాము. ఆ జంతువు రాక్షసబల్లి కాదు. రాక్షసబల్లులు తిరుగాడిన కాలంలోనే చెట్ల కొమ్మలపై బ్రతికిన, చుంచెలుకంత క్షీరదం. దాని పేరు దక్కనోలెస్టిస్. దానిని గూర్చి లోకానికి మొదట తెలిపినవి మిల్లీమీటర్లలో కొలువవలసిన కొన్ని పళ్ళు మాత్రమే.

మొదట మన కొండల సంగతి. హార్సిలీ కొండలు మొదలుకొని పుంగనూరు పరిసరాల గుండ్రాళ్ళ గుట్టల వరకు, కుప్పం దగ్గర పలకలుగా కోసే గ్రానైటు వరకు, మన శిలలలో అధికభాగం భూగర్భంలో కరిగిన పదార్థం చల్లబడి గట్టిపడుట వల్లనో, లోతున వేడికి, ఒత్తిడికి రూపు మారుట వల్లనో ఏర్పడినవి. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. కొన్నిచోట్ల ఇంకను ఎక్కువ. కోలారు బంగారు గనులకు నెలవైన శిలల పట్టీ దక్షిణపు కొస కుప్పం సమీపాన చిగురుగుంట వరకు వచ్చినది. అదియు సుమారు 270 కోట్ల సంవత్సరాల నాటిది. అప్పటికి భూమిపై ఎముక గల ప్రాణి కాదు సరికదా, కంటికి కనిపించే జంతువే లేదు. తిరుమల కొండదారిలో గ్రానైటు మీద గట్టిపడిన ఇసుకరాతి పొరలు వచ్చి కూర్చున్న చోటును చూడని వారుండరు. భూవిజ్ఞానులు దేశవిదేశాల నుండి వచ్చి చూచే స్థలమది. ఆ పైపొరలు సయితం జంతువులు పుట్టక పూర్వపువే. కడప జిల్లా సున్నపురాళ్ళలో జీవపు గుర్తులు లేకపోలేదు. కాని అవి సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన కట్టడాలే గాని జంతువులవి కావు.

శిలాజం ఏర్పడవలెనంటే చచ్చిన ప్రాణి మీద బురదయో ఇసుకయో త్వరగా కప్పబడవలెను. ఆ బురద పొరలు పొరలుగా పేరుకొని, కాలక్రమాన రాయి కావలెను. రాక్షసబల్లుల కాలంలో మన ప్రాంతం సముద్రపు అడుగున లేదు, మెరక నేలగానే ఉన్నది. కనుక ఇక్కడ మన్ను పేరుకొనుటకు మారు వానలకు కొట్టుకొనిపోయినది. మదనపల్లె టొమాటో తోటలలోని ఎర్రమన్ను ఈ గ్రానైటు శిథిలం కాగా ఏర్పడినదే. అప్పుడు ఇక్కడ ఏ జంతువులు మేసినా, ఏవి వేటాడినా, వాటి ఎముకలను దాచిపెట్టే పొర మన కాళ్ళ కింద మిగులలేదు. అందుచేత మనము ఉత్తరానికి, గోదావరి లోయకు, తరువాత వికారాబాదు వైపునకు పోవలసియున్నది.

పోవుటకు ముందు ఒక అపోహను తొలగించుట అవసరం. రాక్షసబల్లులు అంతరించిన పిమ్మట క్షీరదాలు పుట్టినవని అనేకులు తలచుచున్నారు. పాఠ్యపుస్తకాలలో సరీసృపాల యుగం, క్షీరదాల యుగం అని వరుసగా అధ్యాయాలుండుట ఈ అపోహకు కొంత కారణమని మా అభిప్రాయం. వాస్తవానికి క్షీరదాల వంశం 20 కోట్ల సంవత్సరాలకు పైబడినది. రాక్షసబల్లులు నశించినది 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట. అనగా క్షీరదాల చరిత్రలో మూడింట రెండు వంతులు రాక్షసబల్లుల సహవాసంలోనే గడచినవి. ఆ కాలంలో అవి చాలవరకు ఎలుకంత, చుంచంత శరీరాలతోనే బ్రతికినవి. అన్నియు భయపడి బొరియల్లో దాగినవని మాత్రం అనుకొనరాదు. చైనాలో దొరికిన రెపెనోమామస్ అను క్షీరదపు కడుపులో ఒక పిల్ల రాక్షసబల్లి ఎముకలు ఉన్నట్లు 2005లో ప్రకటించినారు!

మన తెలుగు నేలలో ఇట్టి ప్రాచీన క్షీరదాల జాడ మొదట కనిపించినది ప్రాణహిత గోదావరి లోయలో. అక్కడ కోట అను గ్రామం పేరుతో పిలువబడే శిలాపొరలు ఉన్నవి. అవి జురాసిక్ యుగానివి, సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటివి. ఈ పొరలలోనే బారాపాసారస్, కోటాసారస్ అను మహాకాయాలైన రాక్షసబల్లులు దొరికినవి. హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు పోయిన విద్యార్థులు కోటాసారస్ అస్థిపంజరాన్ని తల పైకెత్తి చూచియుందురు. అదే పొరల నుండి పి.ఎం. దత్తా 1981లో ఒకే ఒక పై దవడ పన్ను ఆధారంగా కోటాథీరియం హాల్డేనై అను క్షీరదాన్ని వర్ణించినారు. భారతదేశంలో జురాసిక్ క్షీరదం వెల్లడగుట అదే ప్రథమం. ఇంగ్లండు నుండి వచ్చి భారత పౌరుడైన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టినారు. ఆ తరువాత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి ఇదే లోయ నుండి ఇండోథీరియం, త్రిశూలోథీరియం, నకునోడాన్ అను మరికొన్నింటిని ప్రకటించినారు. నకునోడాన్ పూర్తి పేరులో పైకసిగూడెం గ్రామం పేరు కలిసియున్నది. పెద్ద జంతువు ఎముకలు ప్రదర్శనశాలలో నిలిచినవి; చిన్న జంతువుల పళ్ళు పెట్టెల్లో ఉన్నవి. మన దృష్టి పెద్దవాని మీదనే పోవుట సహజమే గాని, శాస్త్రానికి ఆ పెట్టెల్లోని పళ్ళు తక్కువేమీ కావు.

ఇక మన కథానాయకుని వద్దకు వత్తము. కోట పొరలకు, ఇతని కాలానికి నడుమ పదకొండు కోట్ల సంవత్సరాలకు పైగా గడచినవి. మూసీనది పుట్టే అనంతగిరి కొండలున్న వికారాబాదు జిల్లాలో, హైదరాబాదుకు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరాన నస్కల్ అను గ్రామం కలదు. శిలాజాలు దొరికిన కాలంలో అది రంగారెడ్డి జిల్లాలోనిది. దక్కను లావా పరుపులకు అది ఆగ్నేయపు అంచు. క్రిటేషియస్ యుగాంతంలో భూమి పగుళ్ళ నుండి లావా మాటిమాటికి పొంగి పడమటి, మధ్య భారతాన్ని కప్పివేసినది. నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలపై ఆ నల్లరాయి పరచియున్నది. పడమటి కనుమలలో దాని మందం కిలోమీటరుకు మించినది. మన రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాలలోను ఆ లావా తునకలు ఉన్నవి. వీటిని దక్కను ట్రాపులందురు. ట్రాపు అనగా ఇక్కడ బోను కాదు. మెట్టు అను అర్థం గల స్వీడిషు మాట నుండి వచ్చినది. పొర మీద పొరగా పడిన లావా అరిగి, కొండలు మెట్లు మెట్లుగా కనిపించుటచే ఆ పేరు.

లావా అని వినగానే అంతా మాడి మసి అయినదని తలంతుము. కాని ఒక పొంగుకు, మరియొక పొంగుకు నడుమ వేలాది సంవత్సరాల వ్యవధి ఉండెడిది. ఆ వ్యవధిలో రాయి పైభాగం చివికి మన్నయ్యెడిది. పల్లాలలో నీరు నిలిచి చెరువులు, కుంటలు ఏర్పడెడివి. గడ్డిగాదం, చెట్లు మొలిచి, చేపలు, కప్పలు, బల్లులు, పాములు, మొసళ్ళు వచ్చి చేరెడివి. మరల లావా పొంగి ఆ కుంట మీద మూత వేసెడిది. ఆ విధంగా రెండు నల్లరాతి పరుపుల నడుమ చిక్కిన సన్నని బంకమన్ను పొరలే మనకు నిధులు. నస్కల్ పొర అట్టిదే. చీరెల మడతల నడుమ దాచిన నగ వలె అక్కడ ఒక కుంటలోని జీవజాలమంతా భద్రంగా ఉన్నది.

ఈ నడిమి పొరలలోని శిలాజాలను శ్రద్ధగా సేకరించిన తొలివారిలో స్టీఫెన్ హిస్లాప్ ఒకరు. ఆయన 19వ శతాబ్దంలో నాగపూరులో ఉండిన స్కాట్లండు దేశపు మిషనరీ, విద్యాదాత. ఆయన పేరిట ఒక కళాశాల నేటికీ అక్కడ నడచుచున్నది. 1863లో నదిని దాటుచు ప్రమాదవశాత్తు మరణించినారు. ఆయన సేకరణ జరిగిన శతాబ్దానికి పైగా ఆ పొరలలో క్షీరదపు జాడ తేలలేదు. 1988లో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు అశోక్ సాహ్ని, తరువాత జమ్మూ, ఢిల్లీ విశ్వవిద్యాలయాలలో ఆచార్యత్వం వహించిన జి.వి.ఆర్. ప్రసాద్ కలిసి నస్కల్ పళ్ళను నేచర్ పత్రికలో ప్రకటించినారు. భారతదేశంలో క్రిటేషియస్ క్షీరదం వెల్లడి అగుట అదే మొదలు. దక్కనోలెస్టిస్ హిస్లాపి అని పేరు పెట్టి హిస్లాప్‌ను స్మరించినారు. పేరులోని రెండవ భాగమైన లెస్టిస్ గ్రీకు మాట. దొంగ, దోపిడికాడు అని దాని అర్థం. పురుగులను పట్టి తినే చిన్న జంతువులకు శాస్త్రజ్ఞులు ఈ మాట జోడించుట ఆచారం. మొదటి భాగాన్ని మేము వివరించనక్కరలేదు. దక్కనీ మాట్లాడే ఇళ్ళ నుండి వచ్చే మన విద్యార్థులకు ఆ మాట ఇంటిదే. దక్షిణమను సంస్కృతపు మాటయే ప్రాకృతంలో దక్ఖిణమై, ఉర్దూలో దక్కనైనది. కనుక ఇతడు దక్కను దొంగ. ప్రసాద్ ప్రభృతులు 1994లో ఇదే ప్రజాతిలో కొంచెం పెద్దదైన మరియొక జాతికి రోబస్టస్ అని పేరు పెట్టినారు.

ఇంత చిన్న పళ్ళను రాతి నుండి ఎట్లు ఏరినారు? ఇది మన ప్రయోగశాలలో సయితం అనుకరింపదగిన పని కాబట్టి కొంచెం వివరింతుము. పెద్ద ఎముక అయితే ఉలి, సుత్తి, కుంచె చాలును. మిల్లీమీటరున్నర పన్ను బండ మీద మెరసినా కంటికి ఆనదు. అందుచే బంకమన్ను పొరను గోనెసంచులలో నింపి తెత్తురు. ఎండలో బాగుగా ఆరబెట్టి, కిరసనాయిలులో నానవేసి, ఆ నూనెను ఒంపివేసి నీరు పోయుదురు. మన్ను రవ్వల నడుమ ఇంకిన నూనెను నీరు తోసివేయుటచే గడ్డ తనంతట విచ్చిపోవును. గట్టి సున్నపు గడ్డలకు పలుచని వెనిగర్ ఆమ్లం వాడుదురు. ఆ మడ్డిని పిండి జల్లెడ కన్న సన్నని జల్లెడలలో, ఒకదాని కింద ఒకటిగా పేర్చి, నీటితో కడుగుదురు. మిగిలిన రవ్వను ఆరబెట్టి, చిటికెడు చిటికెడుగా సూక్ష్మదర్శిని కింద పరచి, తడిపిన కుంచె కొసతో పన్నో ఎముకో తగిలితే అద్ది తీయుదురు. టన్నుల కొలది మన్ను కడిగిన పిదప దొరికేవి కొన్ని పళ్ళు. బియ్యంలో రాళ్ళు ఏరే మన తల్లులు ఈ పనికి మంచి అర్హులని ఒక మిత్రుడు పరిహాసమాడినాడు. పరిహాసమే అయినా నిజం లేకపోలేదు.

ఒక పన్నును చూచి జంతువును చెప్పుట ఎట్లు సాధ్యమను సందేహం వచ్చును. సరిగ్గా ఇక్కడనే క్షీరదాల గొప్పతనం ఉన్నది. మొసలి నోరు చూడుడు: అన్ని పళ్ళు ఇంచుమించు ఒకే తీరు, శంకువుల వలె ఉండును. అవి ఊడుచు, మరల వచ్చుచు జీవితమంతా మారుచునే ఉండును. పట్టుకొనుటకే గాని నమలుటకు కావు. క్షీరదానికి పాలపళ్ళు ఒక్కసారి, స్థిరదంతాలు ఒక్కసారి. కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని వాటి పనులు వేరువేరు. పై పన్ను, కింది పన్ను ఒకదానికొకటి సరిపోవునట్లు అమరును కనుక, తిండి మారితే పంటి రూపం మారును. పుంగనూరు ఆవు దవడ పళ్ళు గడ్డిని నూరు తిరుగలి రాళ్ళు. దానికి పై దవడలో ముందుపళ్ళే లేవు. పిల్లి దవడ పళ్ళు కత్తెర ఆకులు. రెండింటిని పక్కపక్కన ఉంచితే చిన్నపిల్లవాడు సయితం ఏది మాంసం తినునో, ఏది గడ్డి తినునో చెప్పగలడు. పైగా పంటి మీది పింగాణి పొర శరీరంలో అన్నిటికన్న గట్టి పదార్థం. ఎముకలు చివికి మట్టిలో కలిసిన చోట కూడ పళ్ళు మిగులును. రాక్షసబల్లుల కాలపు క్షీరదాలలో అనేకం మనకు పళ్ళ వల్లనే తెలిసినవి.

దక్కనోలెస్టిస్ చర్వణకంలో మన పూర్వికుల నాటి ఒక గొప్ప ఏర్పాటు ఉన్నది. మన ఇళ్ళలోని రోలు, రోకలి తలచుకొనుడు. కింది చర్వణకం వెనుక భాగంలో చిన్న గుంట ఉన్నది; అది రోలు. పై చర్వణకం లోపలి వైపున మొనదేలిన ఒక ముడుపు ఉన్నది, అది రోకలి. నోరు మూసినప్పుడు రోకలి వచ్చి రోటిలో పడును. దానికి ముందు, పళ్ళ అంచులు కత్తెర వలె ఒకదానినొకటి రాచుకొని పోవును. అనగా ఒకే కొరుకుతో కోయుటయు, నూరుటయు రెండును జరుగును. పురుగుల గట్టి పెంకును చీల్చి, లోపలి మెత్తని పదార్థాన్ని నూరుటకు ఇంతకన్న మంచి సాధనం లేదు. జరాయువు గల క్షీరదాలు, కంగారు వంటి శిశుకోశ క్షీరదాలు కూడ ఈ రోటిరోకలి పంటి వారసులే. మన నోటిలోని దవడ పన్ను సయితం దీనినే గుండ్రముగా, మొద్దుగా దిద్దిన రూపం. కోటాథీరియం వంటి జురాసిక్ జంతువుల పళ్ళలో ఈ ఏర్పాటు లేదు. అందుచే నస్కల్ పన్నును చూడగనే అది ఏ శాఖకు చెందునో పరిశోధకులకు స్ఫురించినది. జరాయువు గల క్షీరదాలకు, వాటి సమీప పూర్వ బంధువులకు కలిపి వాడే పెద్ద శాఖ అది. మనిషి, ఏనుగు, గబ్బిలం, ఆవు, చుంచు అన్నియు ఆ శాఖలోనివే.

పళ్ళ తరువాత చీలమండ ఎముకలు దొరికినవి. వీటిని 1994లో ప్రసాద్, ఫ్రాన్సు దేశపు పరిశోధకుడు గోదినో కలిసి వర్ణించినారు. నేల మీద పరుగెత్తే జంతువు చీలమండ ముందుకు, వెనుకకు మాత్రమే ఆడును. చెట్టెక్కే జంతువుకు పాదం లోపలికి, బయటికి తిరుగవలెను. లేనిచో బెరడును పట్టుకొనుట, తలకిందుగా దిగుట సాధ్యం కాదు. దక్కనోలెస్టిస్ చీలమండ తిరుగునట్టిది. 2010లో వెల్లడైన మోచేయి ఎముకలు కూడ చెట్ల మీది నడకకే సాక్ష్యమిచ్చినవి. తూర్పు కనుమల అడవులలో నేటికీ చెట్టుచుంచు అను జంతువు కలదు. ఉడుతను పోలియుండును గాని ఉడుత కాదు. దాని నడవడిని ఊహించుకొన్నచో మన దక్కను దొంగ జీవితం కొంత కళ్ళకు కట్టును.

ఇక్కడి నుండి అసలు చిక్కు మొదలగును. అప్పటి భారతదేశం ఆసియాలో భాగం కాదు. సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రిందట మడగాస్కర్ నుండి విడివడి, ఒంటరి ద్వీపమై ఉత్తరంగా సాగిపోవుచుండెను. మన చేతి గోరు సంవత్సరానికి నాలుగు సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా పెరుగును. భారతదేశం అంతకు నాలుగింతలు వేగంతో కదలెనని గణించినారు. దక్కను లావా పొంగినప్పుడు మనము భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటిమి. అప్పటి లావాకు మూలమైన వేడి నేటికీ హిందూ మహాసముద్రంలో రీయూనియన్ ద్వీపపు అగ్నిపర్వతాన్ని మండించుచున్నది. ఆసియాను తాకుట సుమారు 5 కోట్ల పైచిలుకు సంవత్సరాల క్రిందటి మాట. మరి నలువైపుల సముద్రం గల ద్వీపంలోనికి, అంతవరకు ఉత్తర ఖండాలలోనే ఎక్కువగా తెలిసిన రకపు క్షీరదం ఎట్లు వచ్చినది?

చిక్కు పెంచుటకో అన్నట్లు నస్కల్‌లోనే మరియొక క్షీరదం ఉన్నది. ఎత్తైన, నూరుటకు పనికివచ్చు పళ్ళ జంతువు. మధ్యప్రదేశ్‌లోని కిసల్‌పురి పొరల ఆధారంగా 2007లో దీనికి భారతథీరియం అని పేరు పెట్టినారు. అదే సంవత్సరంలో వేరొక బృందం దీనికే దక్షిణ అని పేరు పెట్టినది. ముందు అచ్చయిన పేరుకే చెల్లుబాటు అను నియమం చొప్పున భారతథీరియం నిలిచినది. మాకు మాత్రం రెండవ పేరు మీదనే మక్కువ. ఈ జంతువు బంధువులు మడగాస్కర్‌లోను, దక్షిణ అమెరికాలోను ఉన్నారు. అనగా అది దక్షిణ ఖండాల పాత కాపు. ఒకే కుంట ఒడ్డున ఒకరు దక్షిణపు చుట్టం, ఒకరు ఉత్తరపు చుట్టం. ఊరిలో రెండు కుటుంబాలుంటే ఎవరు ఎప్పుడు వచ్చి స్థిరపడినారో విచారించునట్లే పరిశోధకులు విచారించినారు.

సమాధానాలు పలు విధాల వచ్చినవి. ద్వీపాల గొలుసు ఒకటి భారత, ఆసియా ఖండాల నడుమ ఉండెననియు, వరదలో కొట్టుకొనివచ్చు చెట్ల దుంగల మీద చిరుజంతువులు ఒక దీవి నుండి ఒక దీవికి చేరెననియు కొందరనిరి. చెట్టు మీద నివసించే జంతువుకు ఇట్టి ప్రయాణం ఇతరులకన్న సులభమే. ఆఫ్రికా తీరం మీదుగా రాకపోకలుండెనని మరికొందరు తలచినారు. ఇంకొకరు తిరుగవేసి, వచ్చినది కాదు, ఇక్కడి నుండి పోయినదేమో అన్నారు. ఈ చివరి మాటకు బలం ఇచ్చునవి ఆఫ్రోడాన్ మొదలైన జంతువుల పళ్ళు. అవి మొరాకోలోను, ఐరోపాలోను దక్కనోలెస్టిస్ తరువాతి కాలపు పొరలలో దొరికినవి. రూపంలో దక్కనోలెస్టిస్‌కు దగ్గరి చుట్టాలు. ఆ కుటుంబంలో అందరికన్న పెద్దవాడు దక్కనులోనే ఉన్నాడనుట నిజమైనచో, పుట్టినిల్లు ఇదేనని వాదించుటకు వీలు కలదు. రంగాపూర్ అను సమీప గ్రామపు పొరల నుండి 2003లో ప్రకటితమైన సాహ్నిథీరియం సయితం వీరికి బంధువుగానే పరిగణింపబడినది.

వానరాలు, చెట్టుచుంచులు, మనము చేరిన శాఖకు దక్కనోలెస్టిస్ మూలపురుషుడా అను ప్రశ్న కూడ వచ్చినది. చీలమండను, మోచేతిని చూచిన వారు 1994లోను, 2010లోను ఆ పోలికను ఎత్తిచూపినారు. ఆ మాట నిలిచియుండిన మన జాతి వంశవృక్షపు వేరు ఒకటి వికారాబాదు మన్నులో ఉన్నట్లే. అయితే 2011లో అంజలి గోస్వామి, ప్రసాద్ ప్రభృతులు మరిన్ని లక్షణాలను లెక్కించి వేరు నిర్ణయానికి వచ్చినారు. వారి లెక్కలో దక్కనోలెస్టిస్, దాని కుటుంబం, నేటి జరాయుజ క్షీరదాల శాఖకు వెలుపల, దాని మొదట్లో నిలిచినవి. చెట్టెక్కే చీలమండ వానరాల నుండి వచ్చిన సొత్తు కాదు, వేరుగా ఏర్పడినదని దాని తాత్పర్యం. ముందు మాట చెప్పిన ప్రసాద్‌గారే రెండవ మాటలోను చేయి కలుపుట గమనింపదగినది. మా ఉద్దేశంలో రెండవదే బలమైన వాదం. మన దేశపు జంతువు మనకు తాతయే కావలెనను ముచ్చటకు శాస్త్రంలో చోటు లేదు. మూలపురుషుడు కాకపోయినంత మాత్రాన దీని విలువ తగ్గదు. ఉత్తరపు శాఖ క్షీరదాలు భారతదేశం ఆసియాను తాకక పూర్వమే ఇక్కడ ఉండెననుటకు ఇదే నిదర్శనం.

ఒంటి పన్ను సాక్ష్యాన్ని ఎంత జాగ్రత్తగా వినవలెనో తెలుపుటకు ఒక ఉదాహరణ. మధ్యప్రదేశ్‌లోని టికి పొరల నుండి 2005లో ఒక పన్ను ఆధారంగా టికిథీరియం అను జంతువును ప్రకటించినారు. ట్రయాసిక్ యుగానిదని, అత్యంత ప్రాచీనులలో ఒకటని లోకమంతా ఉదాహరించినది. 2024లో రష్యా పరిశోధకులు దానిని మరల పరీక్షించి, అది చాల తరువాతి కాలపు చుంచు పన్నని, పాత పొరలో చేరినదని వాదించినారు. నస్కల్‌కు అట్టి అనుమానం తగులదు. అక్కడ పళ్ళు అనేకం దొరికినవి, ఎముకలు దొరికినవి, మధ్యప్రదేశ్ పొరలలోను అదే ప్రజాతి దొరికినది.

వయస్సు సంగతి మాత్రం చాలకాలం స్థూలంగానే ఉండినది. క్రిటేషియస్ చివరి కాలమని చెప్పి ఊరకొనవలసి వచ్చెడిది. 2022లో ప్రకటితమైన పరిశోధనలో విల్సన్ మాంటిల్లా, మొహబే, బంధనా సామంత్ మొదలైనవారు నస్కల్ పొరకు కింది, పై లావా పరుపుల వయస్సును కొలిచినారు. రాతిలోని పొటాషియంలో ఒక భాగం కాలక్రమాన ఆర్గాన్ వాయువుగా మారును. ఆ వాయువు ఎంత చేరినదో కొలుచుటయే ఈ విధానపు కీలకం. పై మూత, కింది పీట రెండింటి వయస్సు తేలినచో నడుమనున్న కుంట వయస్సు తేలినట్లే. అది సుమారు 6 కోట్ల 61 లక్షల సంవత్సరాలని తేలినది. మెక్సికోలో పెద్ద ఉల్క పడి రాక్షసబల్లుల వంశం ముగిసిన ఘడియకు ఇంచుమించు ఒక లక్ష సంవత్సరాల లోపు దూరం. భూమి వయస్సులో ఇది రెప్పపాటు. అదే వ్యాసంలో నస్కల్ నుండి ఇండోక్లెమెన్సియా అను మరియొక క్షీరదాన్ని, అందులో రెండు జాతులను, కొత్తగా వర్ణించినారు.

అనగా లావా పొంగుట ఆరంభమైన తరువాత కూడ, ఒక పరుపు చల్లారి ఇంకొకటి రాకమునుపు, ఆ కుంట చుట్టు చెట్ల మీద కనీసం రెండు మూడు రకాల చిరు క్షీరదాలు పురుగులు పట్టుకొని, పిల్లలను కని బ్రతుకుచుండెను. ఉల్క పడిన తరువాత రాక్షసబల్లులు మిగులలేదు. దక్కనోలెస్టిస్ చుట్టాలు మిగిలినవి. మొరాకో, బెల్జియం, ఫ్రాన్సు దేశాల పొరలలో దొరికిన వాటి పళ్ళు చూచినచో, ఆ రోలు, ఆ రోకలి, కొలతలో స్వల్ప భేదంతో, చాలవరకు నస్కల్ పంటిలో ఉన్నట్లే ఉన్నవి.